ఒంటిగంట గీత

బర్మామైన్స్, జంషెడ్‌పూర్
జూన్ 9

మా గౌరికి,

అన్నయ్య సీతారామరావు రాస్తున్నాను. మేమంతా బాగున్నాం. మీరూ బాగున్నారని మీ వదినకి ఫోన్లో చెప్పావట కాబట్టి ఆ మాట మళ్లీ అడగను. ఇంట్లో అందరూ నీతో ఫోన్లో మాట్లాడతారు. బాయిలర్ పక్కన బతికి బతికి చెవులు పోగొట్టుకున్నవాణ్ని గనక నాకు మాత్రం ఉత్తరమే గతి. మా అమ్మాయి హిమబిందు చేత రాయిద్దామంటే దానికి హిందీ తప్ప రాదు. అల్లుడు సునీల్‌కి తెలుగు మాటలు వచ్చు, అక్షరాలు రావు. అందుకని నా కోడిగీతలు నువ్వు భరించాల్సిందే.

నువ్వు పంపిన బీపీ మిషను అందింది, అందిన పూటే చెడిపోయింది. అటూ ఇటూ తిప్పి చూసి, చేతికి కట్టుకుని కూర్చుంటే ఇరవై రెండు, పదమూడు అని చూపించింది. ఇరవై రెండు బీపీ ఉన్నవాడి ఫోటోకి దండ వేస్తారని నాకూ తెలుసులే. ట్రంకు పెట్టెలో పడేశాను. నర్సమ్మవి, షాపువాడి దగ్గర మోసపోయావు.

ఇక్కడ ఒక మంచి సంగతి. మా రబ్బరు కంపెనీలో బాయిలర్‌కి కొత్త గేజి వచ్చింది. నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు చూపించాను, గోడగడియారమంత ఉంటుంది, లోపల ఆవిరి ఎంత గట్టిగా తన్నుతోందో ముల్లుతో చెబుతుంది. పాతదాని ముల్లు కదలకుండా బిగుసుకుపోయింది. కొత్తది సాక్చీ బజారు నుంచి తెచ్చారు. సరిగ్గా అదే సైజు. అందుకని పాత గేజి అద్దం ఊడదీసి కొత్తదానికి నా చేత్తోనే బిగించాను. ఎందుకంటావా, ఆ అద్దం మీద నా ఎర్రగీత ఉంది. గడియారంలో ఒంటిగంట ఉండే చోట ఎనామిల్ రంగుతో గీసిన గీత. ముల్లు దాన్ని దాటకూడదు, అంతే సంగతి. మా బస్తీ వెనక కంపెనీల్లో బాయిలర్ వాళ్లందరూ "ఏక్ బజే తక్", ఒంటిగంట దాకా, అనే అంటారు. ఏటా విశ్వకర్మ పూజనాడు యంత్రాలకి బొట్టు పెట్టాక ఆ గీతకి నేనే కొత్తరంగు దిద్దుతాను. నా హస్తవాసి మంచిదని పక్క కంపెనీల వాళ్లు కూడా పిలిచి దిద్దించుకుని స్వీటు పెట్టె ఇచ్చి పంపుతారు. నీకు ఇంజెక్షన్లలో ఉన్న పేరు నాకు గీతలో ఉంది.

మిషను వాపసు తీసుకుంటాడేమో కనుక్కో.

అన్నయ్య

సోంపేట
జూన్ 20

అన్నయ్యా,

ట్రంకు పెట్టెలోంచి మిషను బయటికి తియ్యి.

దాని పక్కన చిన్న బటన్ ఉంటుంది. అటూ ఇటూ తిప్పినప్పుడు దాన్ని నొక్కి ఉంటావు. మనం బీపీని పాదరసం మిల్లీమీటర్లలో చెప్పుకుంటాం. కొన్ని దేశాల వాళ్లు కిలోపాస్కల్ అనే లెక్కలో చెప్పుకుంటారు. ఆ బటన్ నొక్కితే మిషను వాళ్ల లెక్కలోకి వెళ్లిపోతుంది. ఒక కిలోపాస్కల్ అంటే ఏడున్నర మిల్లీమీటర్లు. నీ ఇరవై రెండుని ఏడున్నరతో హెచ్చవేస్తే నూట అరవై అయిదు. పదమూడుని హెచ్చవేస్తే తొంభై ఎనిమిది. మిషను బాగానే ఉంది, నువ్వే బాగా లేవు. రేపే డాక్టరు దగ్గరికి వెళ్లు. వెళ్లావో లేదో వదిన నాకు చెబుతుంది, నువ్వు చెప్పినా నమ్మను.

నవ్వుతూ రాస్తున్నాను గానీ ఇలాంటిది మా వార్డులోనూ జరిగింది. ఆక్సిజన్ సిలిండర్ల మీద ఇదివరకు పౌండ్ల గేజీలు ఉండేవి, నిండు సిలిండర్‌కి రెండువేల దగ్గర ముల్లు నిలిచేది. ఒకసారి బారు అనే వేరే లెక్క ఉన్న గేజి వచ్చింది. మా తోటి నర్సు తనూజ నూట ముప్పై చూసి, ఖాళీ అయిపోయిందని నిండు సిలిండర్‌ని తిప్పి పంపేసింది. నూట ముప్పై బార్లంటే పందొమ్మిది వందల పౌండ్లకి దగ్గర. ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటినుంచి నేను మాత్రం అంకె చూసే ముందు దాని కింద చిన్న అక్షరాల్లో ఏముందో చూస్తాను.

నీ కొత్త గేజి ఏ లెక్కలో ఉంది? పాతదీ అదే లెక్కా? రాయి. ఊరికే అడుగుతున్నాను.

గౌరి

బర్మామైన్స్
జూలై 6

గౌరికి,

గెలిచావు. బటన్ నొక్కితే నూట డెబ్బై, వంద అని వచ్చింది. డాక్టరు మాత్రలు రాశాడు, పచ్చడి మానెయ్యమన్నాడు. మాత్రలు వేసుకుంటున్నాను. పచ్చడి సంగతి మీ వదిన వరహాలు నీకు ఎలాగూ చెబుతుంది.

గేజి గురించి అడిగావు. మా పాతది కేజీల్లో ఉండేది. చదరపు సెంటీమీటరు చోటు మీద ఎన్ని కేజీల బరువు తన్నుతోందో ఆ లెక్క. మా బాయిలర్‌కి పది కేజీలు హద్దు. కొత్తది బార్లలో ఉంది. నేనేమీ కళ్లు మూసుకుని బిగించలేదమ్మా, ఫోర్‌మన్‌ని అడిగే బిగించాను. బారుకీ కేజీకీ తేడా నూటికి రెండు వంతులట. వరహాలు కూరలో ఉప్పు తేడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. పాతదాని మీద అంకెలు పదహారు దాకా ఉండేవి, కొత్తదాని మీద ఇరవై అయిదు దాకా ఉన్నాయి. పెద్దది కొన్నారు, మంచిదే.

అయినా అంకెలు మేమెవరం చూస్తాం? పొగలో, చెమటలో, కళ్లద్దాలు ఎవడు పెట్టుకుంటాడు? సునీల్ డ్యూటీలో చేరిన రోజే చెప్పాను, అంకె చూసేవాడు కొత్తవాడు, గీత చూసేవాడు పనివాడు అని. వాడు ఆ మాట పట్టుకున్నాడు. ఇప్పుడు పగలు నేను, సాయంత్రం నుంచి వాడు. బొగ్గు వెయ్యడం, ముల్లుని ఒంటిగంట దాకా తెచ్చి నిలబెట్టడం.

కానీ ఈ మధ్య అన్నీ ఒకేసారి చెడుతున్నాయి. ఆవిరి హద్దు దాటితే దానంతట అదే తెరుచుకోవాల్సిన సేఫ్టీ వాల్వు, ముల్లు గీతకి ఎంతో దూరంలో ఉండగానే ఈల వేస్తోందట. నాకు వినపడదు, సునీల్ చెప్పాడు. స్ప్రింగు వదులైందని దాని నట్టు కాస్త బిగించాం. రబ్బరు షీట్లు అచ్చులో మాడిపోతున్నాయి, నాసిరకం సరుకు పంపాడని రబ్బరు వ్యాపారితో గొడవ అయింది. కొత్త గేజి ఒక్కటే బుద్ధిగా ఉంది.

అన్నయ్య

సోంపేట
జూలై 15

అన్నయ్యా,

నీ ఉత్తరం డ్యూటీకి వెళ్తూ చదివాను. బస్సులో మళ్లీ చదివాను. ఇంటికొచ్చాక వంటింట్లో కంచం బోర్లించి, దాని చుట్టూ పెన్సిల్ తిప్పి రెండు గుండ్రాలు గీశాను. ఆ కాగితం ఇందులో పెట్టాను, చూడు.

మొదటి గుండ్రం నీ పాత గేజి. సున్నా నుంచి పదహారు దాకా అంకెలు వేశాను. పది ఎక్కడ పడిందో చూడు, ఒంటిగంట చోట. నీ గీత అక్కడ సరిగ్గానే ఉంది. రెండో గుండ్రం కొత్త గేజి. అదే చోట మొదలై, అదే చోట ముగుస్తుంది, కానీ మధ్యలో ఇరవై అయిదు ఇరికించారు. ఇక్కడ పది ఒంటిగంట చోట లేదు, పదకొండు దాటి కొంచెం దూరంలో ఉంది. ఒంటిగంట చోట ఏముందో తెలుసా? పదిహేనున్నర.

బారూ కేజీ దాదాపు ఒకటేనని మీ ఫోర్‌మన్ చెప్పింది నిజమే. అది నిజం కావడం వల్లే ఎవరూ రెండోసారి చూడలేదు. మీరు ముల్లుని గీత దాకా తెస్తున్నారంటే పది కేజీల బాయిలర్‌లో పదిహేనున్నర కేజీల ఆవిరి నింపుతున్నారు. వాల్వు చెడిపోలేదు అన్నయ్యా. అది చెయ్యాల్సిన పనే చేస్తోంది, మీరు దాని నోరు నొక్కేశారు. రబ్బరు నాసిరకం కాదు, ఆవిరే ఎక్కువ వేడిగా ఉంది.

నాకు భయంగా ఉంది. ఉత్తరం అందేదాకా ఆగలేక వదినకి ఫోన్ చేశాను. "మీ అన్నకి సెప్తే ఇంటాడేటి? ముసిలోళ్లకి రగతం సూసుకునేదానికి బాయిలర్ గొడవెందుకూ అంతన్నాడు" అంది. సునీల్‌తోనూ మాట్లాడాను. "బువాజీ, టెన్షన్ మత్ లీజియే, కాంటా నిశాన్ సే నీచే హై" అన్నాడు. ముల్లు నీ గీత కిందే ఉందని నాకే ధైర్యం చెబుతున్నాడు. మీ ఆఫీసుకి చేస్తే, నేనెవరినో అడిగి ఫోన్ పెట్టేశారు.

నిన్ను అడిగేది ఒక్కటే. కళ్లద్దాలు పెట్టుకుని, ముల్లు కింద ఉన్న అంకె ఒక్కసారి చదువు.

గౌరి

బర్మామైన్స్
జూలై 29

శ్రీమతి గౌరీదేవి గారికి,

మీ ఉత్తరం, బొమ్మలు అందాయి.

నాకు మీసాలు రాకముందు నుంచి బాయిలర్ చూస్తున్నాను. నువ్వు సూది గుచ్చే చోట నేను ఎప్పుడైనా వేలు పెట్టానా? ఆఫీసుకి ఫోన్ చేశావట. సీతారామరావుకి చెవులతో పాటు కళ్లు కూడా పోయాయా, చెల్లెలి చేత ఫోన్లు చేయిస్తున్నాడని క్యాంటీన్‌లో నవ్వారు. నాకు వినపడదు గానీ నవ్వు కనపడుతుంది. ఆ పూట అన్నం తినకుండా వచ్చేశాను. నా అల్లుడి ముందు ఇంత చిన్నతనం నాకెప్పుడూ జరగలేదు.

బాయిలర్ బ్రహ్మాండంగా ఉంది. వాల్వుని ఇంకో రెండు చుట్లు బిగించాక అది నోరెత్తడం లేదు. పెద్ద ఆర్డరు వచ్చింది, షీట్లు ఇదివరకటి కంటే త్వరగా దిగుతున్నాయని యజమాని సంతోషంగా ఉన్నాడు. ఆవిరి గొట్టం మీది థర్మామీటరు రెండువందల నాలుగు డిగ్రీలు చూపిస్తూ సతాయిస్తుంటే, అదీ చెడిపోయిందని గుడ్డ చుట్టేశాం.

ఇక ఈ విషయం రాయవద్దు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను.

సీతారామరావు

సోంపేట
ఆగస్టు 8

అన్నయ్యా,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. తర్వాత ఎన్నాళ్లు మాట్లాడకపోయినా పడతాను, ముందు నువ్వు మాట్లాడడానికి ఉండాలి.

నాకు బాయిలర్ తెలియదు, ఒప్పుకుంటాను. ఆవిరి తెలుసు. మా ఆపరేషన్ గదిలో కత్తెరలూ గుడ్డలూ ఆవిరిలో ఉడికించే ఆటోక్లేవ్ ఉంది. రోజూ నేనే నడుపుతాను. దానికి గేజి పౌండ్లలో ఉంటుంది, పక్కనే థర్మామీటరు ఉంటుంది. ముల్లు పదిహేను పౌండ్లకి వస్తే థర్మామీటరు నూట ఇరవై ఒకటి చూపించాలి. ఎన్నేళ్లు చూసినా అంతే. నీళ్లతో కలిసి మూసి ఉన్న ఆవిరికి వేడీ ఒత్తిడీ జంటగా పెరుగుతాయి. ఒకటి తెలిస్తే రెండోది తెలిసినట్టే.

మా ఆటోక్లేవ్ బాగుచెయ్యడానికి వచ్చే టెక్నీషియన్‌ని అడిగాను. అతని దగ్గర పట్టిక ఉంది. పది కేజీల ఆవిరి అయితే నూట ఎనభై నాలుగు డిగ్రీలు ఉండాలి. రెండువందల నాలుగు డిగ్రీలంటే ఒత్తిడి పదిహేనున్నర దాటినట్టు. నేను కంచంతో గీసిన బొమ్మలో వచ్చింది కూడా అదే అంకె. నీ దగ్గర ముగ్గురు సాక్షులు ఉన్నారు అన్నయ్యా. వాల్వు చెప్పింది, బిగించారు. రబ్బరు చెప్పింది, వ్యాపారిని తిట్టారు. థర్మామీటరు చెప్పింది, గుడ్డ చుట్టారు. ఆ బాయిలర్ ఎవరిదని టెక్నీషియన్ అడిగాడు. మా అన్నయ్యదని చెప్పి, పట్టికలోని అంకెలు రాసుకున్నాను.

సాయంత్రం డ్యూటీలో దాని ముందు కూర్చునేది సునీల్. నీ మాట మీద నమ్మకంతో కూర్చుంటున్నాడు. హిమబిందు మొహం తల్చుకో.

ఇందులో చిన్న అట్ట ముక్క పెట్టాను. ఒక బారు రమారమి ఒక కేజీ. పద్నాలుగుంబావు పౌండ్లు ఒక కేజీ. ఎంపీఏ అని ఉంటే ఒకటికి పది కేజీలు. మూడు ముక్కలే రాశాను. జేబులో ఉంచుకో, వాడతావో లేదో నీ ఇష్టం. చూసేటప్పుడు మాత్రం ముందు మంట తీసేసి చూడండి.

గౌరి

బర్మామైన్స్
సెప్టెంబరు 20

అమ్మా గౌరీ,

ఇన్నాళ్లూ నీకు ఉత్తరం రాయకపోవడానికి కోపం కారణం కాదు. మొదట కోపమే. తర్వాత భయం. నీ ఉత్తరం చదివాక ముల్లు వైపు చూడాలంటే భయం వేసింది. చూస్తే, అంకె నీ మాటే చెబుతుందని ఎక్కడో తెలుసు. చెబితే సునీల్‌కి ఏం చెప్పను? అందుకని రోజూ వెళ్లి, గీత ఒక్కటే చూసి, ఇంటికొచ్చేవాణ్ని. ఇంతకంటే సిగ్గుమాలిన మాట నీకు ఎప్పుడూ రాయలేదు.

మొన్న విశ్వకర్మ పూజ. బాయిలర్ చల్లార్చారు, కడిగారు, బంతిపూల దండలు వేశారు. గీత దిద్దడానికి నిచ్చెన ఎక్కాను. రంగు డబ్బా తీద్దామని జేబులో చెయ్యి పెడితే కళ్లద్దాలూ, నీ బొమ్మల కాగితం తగిలాయి. వరహాలు పెట్టిందన్నమాట. కింద అందరూ ప్రసాదం కోసం నిలబడి చూస్తున్నారు. ఇంకెక్కడికి పోతాను? కళ్లద్దాలు పెట్టుకున్నాను. నా గీత పదిహేనుకీ పదహారుకీ మధ్య ఉంది. కాగితం పక్కన పెట్టి చూశాను. నువ్వు కంచంతో గీసిన చోటే ఉంది.

కుంచె చేతిలో ఎండిపోయింది గానీ దిగలేకపోయాను. సునీల్ పైకొచ్చాడు. వాడికి చూపించాను. వాడు గీత చూశాడు, అంకె చూశాడు, నా మొహం చూశాడు. పెదవులు చదివాను. "మామయ్యా, మీరే కదా సెప్పారు అంకె సూడొద్దని" అన్నాడు. వాడు తప్పు పట్టలేదు, ఊరికే అడిగాడు.

మర్నాడు పొయ్యి వెలిగించనివ్వలేదు. ఇన్నాళ్లు నడిచింది కదా అన్నాడు ఫోర్‌మన్. బొగ్గు వేసే తలుపు ముందు కూర్చున్నాను, నన్ను ఈడ్చి వెలిగించుకోమన్నాను. పూజ మర్నాడే గొడవ ఎందుకని యజమాని బాయిలర్ మిస్త్రీని పిలిపించాడు. మిస్త్రీ లోపలికి దూరి టార్చి వేసి చూసి, బయటికొచ్చి టార్చి నా చేతిలో పెట్టాడు. తర్వాత నన్ను లోపలికి రమ్మన్నాడు. అడుగున రేకులు కలిసే అతుకు వెంబడి చీలిక ఉంది. వేలుతో తడిమితే గోరు దిగింది. వేసవి నుంచీ దాని ముందు కూర్చుని నేనూ సునీల్ టీలు తాగాం, హిమబిందు పంపిన రొట్టెలు తిన్నాం.

బాయిలర్ మూసేశారు. సునీల్ బతికి ఉన్నాడు, నేను బతికి ఉన్నాను, అది నీ వల్ల. నీ కాళ్లకి దణ్ణం పెట్టాలని ఉంది, చెల్లెలివి కాబట్టి పెట్టకూడదంటారు.

ఈ హడావుడిలో ఈ ఏడు పక్క కంపెనీలకి గీత దిద్దడానికి వెళ్లనే లేదు. పిలిచారు, కుదరదన్నాను. వాళ్లే ఒంటిగంట చోట పాతగీత మీద రంగు వేసుకున్నారట. స్వీటు పెట్టెలు మాత్రం ఇంటికి పంపారు.

అన్నయ్య

సోంపేట
సెప్టెంబరు 27

అన్నయ్యా,

నీ ఉత్తరం పట్టుకుని డ్యూటీ గదిలో ఏడ్చాను. తనూజ మంచినీళ్లు తెచ్చింది. ఇంటికొచ్చి దేవుడి దగ్గర దీపం పెట్టి, మళ్లీ ఉత్తరం చదువుతూ చివరికొచ్చేసరికి దీపం సంగతి మర్చిపోయాను.

స్వీటు పెట్టెలు పంపిన కంపెనీలు ఎన్ని?

నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు, పక్క కంపెనీలన్నీ నీ హస్తవాసి కోసం పిలుస్తాయని. అక్కడ గేజీలు ఏమున్నాయి? అవీ సాక్చీ బజారు నుంచే తెస్తారా? ఆ షాపులో పదహారు అంకెల గేజి ఇంకా దొరుకుతోందా? వాళ్లకి గేజి మారినా గీత మారదు కదా. గడియారంలో ఒంటిగంట ఎక్కడుంటుందో చిన్నపిల్లలకి కూడా తెలుసు, నీ అవసరం కూడా లేకుండా దిద్దేసుకుంటారు.

వదినకి ఫోన్లో చెప్పాను, ఇప్పుడే నీకు అరిచి చెప్పమన్నాను. నీ ఒంట్లో బాగాలేదని తెలుసు. అయినా వెళ్లాలి అన్నయ్యా. నా మాట వాళ్లు వినరు, నీ మాట వింటారు.

గౌరి

బర్మామైన్స్
అక్టోబరు 9

గౌరీ,

నీ ఉత్తరం కంటే ముందే వరహాలు చెప్పింది. నా మొహం ముందు నిలబడి, చేతుల్తో గడియారం చూపించి, "మిగతా గీతల సంగతేటి" అని అడిగింది. ఆ పూటే బయల్దేరాను, కానీ ఒక్కో చోట మంట తీయించడానికి ఒప్పించేసరికి రెండు మూడు రోజులు పడుతోంది.

మొత్తం ఆరు కంపెనీలు, అన్నిటి బాయిలర్లకీ హద్దు పది కేజీలే. సాక్చీ షాపువాణ్ని అడిగితే పదహారు డయల్ ఏడాదిగా రావడం లేదన్నాడు, ఎవరడిగినా ఇరవై అయిదుదే ఇస్తున్నాడట. మొదటి కంపెనీలో పాత గేజే ఉంది, దేవుడు బతికించాడు. రెండోచోట డయల్ పౌండ్లది. నీ అట్టముక్క తీసి లెక్కకట్టాను, పది కేజీలకి నూట నలభై రెండు పౌండ్లు, గీత దాని మీదే ఉంది. మూడోచోట కొత్త గేజి, ఇరవై అయిదు డయల్, ఒంటిగంట మీద తళతళలాడే ఎర్రరంగు. మంట తీయించి, గీత గీకేసి, పది అంకె మీద కొత్తగీత వేసి వచ్చాను. వాళ్ల వాల్వు కూడా ఈల వేస్తోందనే బిగించారు.

నాలుగోది రేకులకి రంగులు వేసే కంపెనీ. నిన్న వెళ్తే గేటు దగ్గర కొత్త గార్డు. వాడు ఏం అడిగాడో నాకు వినపడలేదు, నేను చెప్పింది వాడికి అర్థం కాలేదు. వెనక్కి పంపేశాడు. ఎండలో నడిచి వచ్చేసరికి కళ్లు తిరిగాయి. మిషను పెట్టుకుంటే నూట తొంభై. వరహాలు మంచం దిగనివ్వడం లేదు. అందుకని ఇవాళ నా బదులు సునీల్‌ని పంపాను. అట్టముక్క మీద హిమబిందు చేత హిందీలో కూడా రాయించి వాడి జేబులో పెట్టాను. ఇప్పుడు వాడు అంకె చూడకుండా టీ కూడా తాగడు. ఆ కంపెనీలో బాయిలర్ చూసేది జయప్రకాష్, ఇంకొక ఒడియా అతను. ఏటా నేను గీత దిద్దేటప్పుడు నిచ్చెన పట్టుకునేది వాళ్లిద్దరే. సునీల్ చెబితే వింటారు.

వాడు భోజనానికి వచ్చేస్తానన్నాడు. వరహాలు కంచం మీద మూత పెట్టింది. కాసేపట్లో వస్తాడు, వచ్చాక అక్కడి సంగతి కూడా ఇందులోనే రాసి పోస్టు చేద్దామని కలం పట్టుకుని కూర్చున్నాను. మాత్ర వేసుకోవడానికి పక్కన గ్లాసుతో నీళ్లు పెట్టారు.

గ్లాసులో నీళ్లు ఇప్పుడు కదిలాయి. నాకేమీ వినపడలేదు. వరహాలు చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వెళ్లింది. ఇటు తిరిగి నా మొహం చూస్తోంది.

అక్టోబరు 10

నిన్న అక్కడ ఆగిపోయింది. అదే కాగితం మీద రాస్తున్నాను.

సునీల్ ఉన్నాడు. గార్డు వాణ్ని కూడా లోపలికి వెళ్లనివ్వలేదట, మేనేజరు భోంచేసి వచ్చేదాకా గేటు బయట నిలబెట్టాడట. అట్టముక్క చూపించి బతిమాలుతుండగా బాయిలర్ షెడ్డు పైకప్పు లేచిపోయింది. వాడూ గార్డూ గేటు కింద పడ్డారు. చేతులు గీరుకుపోయాయి, అంతకుమించి దెబ్బల్లేవు. సునీల్ చెవులు మాత్రం పనిచెయ్యడం లేదు. డాక్టరు మెల్లిగా వస్తాయన్నాడు. నేను మాట్లాడుతుంటే వాడు నా పెదవుల వైపు చూస్తున్నాడు. హిమబిందు ఇద్దరి మధ్యా కూర్చుని ఎవరితో ఎలా మాట్లాడాలో తెలియక ఏడుస్తోంది.

జయప్రకాష్ పోయాడు. ఒడియా అతను కూడా పోయాడు. అతని పేరు నాకు ఇన్నేళ్లూ సరిగ్గా వినపడలేదు, నిన్న కాగితం మీద రాయించుకుని తెలుసుకున్నాను. సుదర్శన్.

గోడవతల పడిన గేజిని ఎవరో పిల్లలు ఏరి పోలీసులకి ఇచ్చారట. అద్దం పగిలినా గీత ఉన్న ముక్క చెదరలేదని సునీల్ హిందీలో రాసి చూపించాడు. అంతా అయ్యాక అధికారులు వచ్చారు, అన్ని కంపెనీలూ తనిఖీ చేస్తామంటున్నారు. ఎప్పుడని అడిగితే కాగితాలు కదలాలన్నారు.

నువ్వు రైలెక్కుతున్నావని వరహాలు చెప్పింది. వచ్చేసరికి నేను ఇంట్లో లేకపోతే గాభరా పడకు. ఇంకా రెండు కంపెనీలు మిగిలాయి. ఈ ఉత్తరం దారిలో పోస్టు చేస్తాను. వరహాలు కూడా చెప్పులు వేసుకుంది, గేటు దగ్గర వాళ్లేమంటున్నారో నాకు వినిపించే మనిషి కావాలి కదా.

అన్నయ్య